సంతకం, సీలు వేసిన స్కాన్ కాపీ ఒక్కటే పెడితే చూపు లేనివాళ్లు నోటిఫికేషన్ ఎట్లా చదవాలి?

చిత్రావతి_ఒడ్డు (అనంతపురం)

అందరికీ నమస్తే. నేను ఇక్కడే పీజీ చేస్తున్నా. నాకు చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటా, రెండూ తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు. మెయిలు, బ్యాంకు, రైలు టికెట్టు అన్నీ నేనే చూసుకుంటా. మా యూనివర్సిటీ వెబ్‌సైట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరో ఒకరిని పిలవాల్సిందే. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు, చెప్పను.

పోయిన సెమిస్టర్‌లో పరీక్ష ఫీజు నోటిఫికేషన్ పెట్టినారు. పీడీఎఫ్ తెరిస్తే ‘ఖాళీ డాక్యుమెంట్’ అని చెప్పి ఊరుకుంది. కాగితం ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కించినారంట. అంటే అది ఫొటో, అందులో స్క్రీన్ రీడర్‌కు దొరికే అక్షరం ఒక్కటీ లేదు. ఫోన్‌లో ఫొటోలోంచి అక్షరాలు తీసే యాప్‌తో చూస్తే సరిగ్గా తేదీ మీదే సీలు పడింది, అంకెలు తప్పు వచ్చినాయి. ఫైన్ కట్టినా.

ఫారం ఇంకో కథ. ట్యాబ్ కొడుతూ పోతే ‘ఎడిట్’, ‘ఎడిట్’, ‘ఎడిట్’ అంటుంది. ఏది పేరో, ఏది హాల్‌టికెట్ నంబరో చెప్పదు. పుట్టిన తేదీ టైపు చేయనివ్వదు, క్యాలెండర్‌లో మౌస్‌తో నొక్కాలంట. చివర్లో క్యాప్చా బొమ్మ, దానికి ఆడియో లేదు. ఆఖరికి నెట్ సెంటర్‌కు పోయినా.

నేను అడిగేది చిన్నది. స్కాన్‌తో పాటు అదే మాటర్ టెక్స్ట్‌గా కూడా పెట్టాలి. ఇది పెద్ద కోరికంటారా?

గుత్తికోట (రిటైర్డ్)

అమ్మా, నీ కష్టం అర్థమైంది. కానీ ఆఫీసు సంగతి కూడా తెలుసుకో. నేను ఒక పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా చేసి దిగినాను. నోటిఫికేషన్ అంటే ఊరికే టైపు కొట్టి పెట్టేది కాదు. ఫైలు పెట్టాలి, కంట్రోలర్ సంతకం కావాలి, సీలు పడాలి, డిస్పాచ్ నంబరు వేయాలి. అప్పుడే అది ఆర్డరు. సంతకం లేకుండా ఎవడైనా ఏమైనా టైపు చేస్తాడు.

హంద్రీ_డెవ్ (కర్నూలోడిని, ఉండేది బెంగళూరు)

సార్, సంతకం తీసేయమని ఎవరన్నారు? ‘పాటు’ అని రాసింది చూడండి.

అసలు ఇది దయతో చేసే పని కూడా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారమంతా అందరికీ అందే రూపంలో ఉండాలంటుంది. 2017 రూల్స్‌లో 15వ రూలు ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు పాటించమంది. ఆ మార్గదర్శకాలు మొదట వచ్చింది 2009లో. అంటే ఈ చెల్లెలు బడిలో చేరకముందో, చేరిన కొత్తలోనో. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, ఆ 15వ రూలు సలహాలాగా ఉంటే కుదరదు, తప్పనిసరి ప్రమాణాలు రాయండి అని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది.

అక్షరాలకు, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలి, ప్రతి బటన్ కీబోర్డుతో పనిచేయాలి, ఫారంలో ప్రతి డబ్బాకు అది దేనికో చెప్పే లేబుల్ ఉండాలి. ఇవి రాకెట్ సైన్సేం కాదు. లేబుల్ పెట్టడానికి ఒక్కో డబ్బాకు ఒక లైను కోడ్.

పల్లీ_పకోడి

పాటించకపోతే జరిమానా ఎంత?

హంద్రీ_డెవ్

89వ సెక్షన్. మొదటిసారి పదివేల వరకు. ఆ తర్వాత యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా.

పల్లీ_పకోడి

పదివేలా. ఆఫీసులో ప్రింటర్ టోనర్లకే అంతకంటే ఎక్కువ అవుతుంది.

గుత్తికోట (రిటైర్డ్)

సెక్షన్లు నాకూ తెలుసు నాయనా. నేనడిగిందానికి జవాబు రాలేదు. సైటులో రెండు కాపీలు ఉంటాయి. సంతకం కాపీలో 18వ తేదీ, టైపు కాపీలో పొరపాటున 19. పిల్లోడు 19న వచ్చి ఫీజు కడతానంటాడు. కోర్టుకు పోతాడు. అప్పుడు మెమో ఎవరికిస్తారు? వెబ్‌సైట్ వాడికి కాదు, సెక్షన్ సూపరింటెండెంటుకి.

ఊహించి చెప్పడం లేదు. నా సర్వీసులో ఒకసారి పరీక్షలు వాయిదా అని దొంగ సర్క్యులర్ ఒకటి వాట్సాప్‌లో తిరిగింది. మా లెటర్‌హెడ్ లాగే ఉంది, సంతకం ఒక్కటే లేదు. కొంతమంది పిల్లోళ్లు పరీక్షకే రాలేదు. వివరణ ఇమ్మని నోటీసు వచ్చింది నాకు. ఇంక్రిమెంటు మీద పడుతుందేమోనని ఎంత టెన్షన్ పడినానో నా ఇంట్లోవాళ్లకు తెలుసు. సంతకం విలువ మీకు తెలియదు.

కడప_టు_కాలిఫోర్నియా

పెద్దాయన మాటలో న్యాయముంది. మరీ పట్టుబడితే ఏమవుతుందో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీని చూడండి. ఉచితంగా పెట్టిన వీడియో పాఠాలకు క్యాప్షన్లు లేవని చెవిటివాళ్ల తరఫున ఫిర్యాదు పోయింది. 2016లో న్యాయశాఖ లేఖ రాసింది. 2017లో యూనివర్సిటీ ఏం చేసింది? ఇరవై వేలకు పైగా పాఠాలు బయటివాళ్లకు అందకుండా తీసేసింది. అందరికీ సమానంగా, ఎవరికీ లేదు!

హంద్రీ_డెవ్

కథ సగంలో ఆపినారు. 2022లో అదే బర్క్‌లీ న్యాయశాఖతో ఒప్పందానికి వచ్చి, ఆన్‌లైన్‌లో పెట్టేవి అందరికీ అందేలా సరిచేస్తామని ఒప్పుకుంది. అయినా అక్కడి గొడవ వేల గంటల వీడియోల మీద. ఇక్కడ అడిగేది ఒక పేజీ టెక్స్ట్.

మౌనరాగం_77

వీడియోలంటే గుర్తొచ్చింది. నాకు వినపడదు. మా కాలేజీ యూట్యూబ్‌లో పెట్టే పాఠాలకు ఆటోమేటిక్ క్యాప్షన్లే గతి. సారు తెలుగులో ఒకటి చెప్తే కింద ఇంగ్లీషులో ఇంకేదో వస్తుంది. నవ్వుకోవడానికి బాగుంటుంది, పరీక్ష రాయడానికి కాదు. ఈ పోస్టులో అందరూ చూపు గురించే మాట్లాడుతున్నారని చెబుతున్నా, అంతే.

పెన్నేటి_గట్టు (కడప)

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నా. నేను ఒక కాలేజీకి వెబ్‌సైట్ చూసుకునే కాంట్రాక్టు మనిషిని. జీతం మూడు నెలలకోసారి వస్తే గొప్ప.

నా దగ్గరికి మాటర్ ఎట్లా వస్తుందో చెప్తా వినండి. సెక్షన్‌లో డీటీపీ అబ్బాయి అను ఫాంట్‌లో టైపు చేస్తాడు. ప్రింటు, సంతకం, సీలు. తర్వాత ఎవరో ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తారు. ‘అర్జెంటుగా పెట్టు’ అంటారు. ఒక మూల బొటనవేలు కూడా పడి ఉంటుంది. దాన్నే పీడీఎఫ్ చేసి పెడతా. అసలు ఫైలు ఇమ్మని అడిగితే ‘సంతకం కాపీ ఇచ్చినాం కదా’ అంటారు. ఒకవేళ ఇచ్చినా అది యూనికోడ్ కాదు, అను. తెరపైన తెలుగులా కనిపిస్తుంది గానీ లోపలున్నవి పిచ్చి ఇంగ్లీషు గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. అది యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసి పెట్టాలంటే గంట పడుతుంది. ఆ గంట ఎవరిస్తారు?

ఇంకోటి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చే ముందు నన్ను పిలిచినారు. వికలాంగులకు అనుకూలమైన వెబ్‌సైట్ ఉందా అని వాళ్ల ఫారంలో ఒక గడి ఉంటుంది. పైన అక్షరాల సైజు పెంచే, తగ్గించే ‘ఏ ప్లస్, ఏ మైనస్’ బటన్లు, ‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ అని ఒక లింకు పెట్టమన్నారు. పెట్టినా. స్క్రీన్‌షాట్ తీసుకున్నారు. ఆ లింకు నొక్కితే ఏమొస్తుందో ఈ రోజు దాకా ఎవ్వరూ నొక్కి చూడలేదు.

పల్లీ_పకోడి

ఏమొస్తుంది అన్నా?

పెన్నేటి_గట్టు (కడప)

ఎన్‌వీడీఏ ఎక్కడ దొరుకుతుందో రాసిన పట్టిక. అది కూడా ఫొటో.

చిత్రావతి_ఒడ్డు (అనంతపురం)

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదన్నా.

గుత్తికోట (రిటైర్డ్)

చూసినారా, పని చేసేవాడే చెప్తున్నాడు, మనుషులు లేరని. ఏడాదికి ఇట్లాంటి పిల్లలు ఎంతమంది వస్తారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేనున్నప్పుడు చూపు లేని పిల్లోడు వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫారం నేనే నింపేవాణ్ని. చలానా మా అటెండరు పోయి కట్టి వచ్చేవాడు. లేటయితే సదరం సర్టిఫికెట్ జత చేసి, పెద్దసారు కాళ్లావేళ్లా పడి ఫైను మాఫీ చేయించేవాణ్ని. ఇవేవీ ఏ సెక్షన్‌లోనూ లేవు. మనిషికి మనిషి సాయం ఉంటే వెబ్‌సైట్లెందుకు?

చిత్రావతి_ఒడ్డు (అనంతపురం)

నేను మాఫీ అడగలేదు సార్. తేదీ అడిగినా.

గుత్తికోట (రిటైర్డ్)

అదేమ్మా, ఆ మాటే బాగలేదు. సాయం చేసేవాళ్లతో ఇట్లా మాట్లాడితే రేపు ఎవరు ముందుకొస్తారు? చదువు వచ్చేకొద్దీ అణకువ పెరగాలి గానీ పొగరు కాదు.

హంద్రీ_డెవ్

పొగరా? ఆమె ఫైన్ కట్టింది మీలాంటి సెక్షన్ చేసిన పనికి. క్షమాపణ చెప్పండి ముందు.

గుత్తికోట (రిటైర్డ్)

నీకెందుకు నాయనా మధ్యలో? బెంగళూరులో ఏసీలో కూర్చుని మాకు చట్టం చెప్తావా? ముప్పై ఏళ్ల పైన ఆ సీట్లో కూర్చున్నా. ఒక్క పిల్లోడిని ఖాళీగా వెనక్కి పంపలేదు.

కడప_టు_కాలిఫోర్నియా

పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

నిర్వాహకుడు

వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకొక్కటి కనిపించినా తాళం వేస్తా. అమెరికా అన్నా, పాప్‌కార్న్ కామెంట్లకు వేరే చోటుంది.

చిత్రావతి_ఒడ్డు (అనంతపురం)

తాళం వేయకండి, నేను ఒకటి చెప్పాలి.

గుత్తికోట సార్, మీరు మంచివారే. మీ సెక్షన్‌కు వచ్చి ఉంటే నాకూ కుర్చీ వేసేవారు, నమ్ముతా. కానీ నేను పోయింది బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు. అక్కడి అబ్బాయి కూడా మంచివాడే. ఫారం నింపినాడు. ఓటీపీ రావడానికి నా నంబరు అడగడం ఎందుకని తన నంబరే వేసినాడు. పాస్‌వర్డు తనే పెట్టి, పుస్తకంలో రాసుకున్నాడు. ఇప్పుడు నా లాగిన్‌లోకి పోవాలంటే అతనికి ఫోన్ చేయాలి. రిజల్ట్స్ వచ్చిన రోజు నేను ఫోన్ చేసేలోపే అతను చూసి, మా ఊరివాడు ఎవరో షాపులో ఉంటే చెప్పినాడు. ఒక పేపరు పోయింది. ఆ సంగతి నాకంటే ముందు మా నాయనకు తెలిసింది. మా నాయన ఏమీ అనలేదు, చదువు మానేయొచ్చు కదా అని మాత్రం అన్నాడు.

ఎవరి మీదా కోపం లేదు. ఆ అబ్బాయి డబ్బులు కూడా తీసుకోలేదు. అదే కష్టం సార్. డబ్బులు తీసుకోనివాడిని నంబరు ఎందుకు మార్చినావని ఎట్లా అడగాలి? మీతో చదివిన ఎవరికైనా మార్కులు ఊరివాళ్ల నోటి నుంచి తెలుసుకోవాల్సి వచ్చిందా?

మౌనరాగం_77

నాకు ఇంటర్వ్యూ ఫోన్ వస్తే మా అన్న మాట్లాడతాడు. జీతం ఎంత చెప్పినారో నాకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు.

పల్లీ_పకోడి

ఈసారి జోకు లేదు అక్కా.

గుత్తికోట (రిటైర్డ్)

నెట్ సెంటర్ వాడు చేసింది తప్పే, వాణ్ని వెనకేసుకురాను. కానీ దానికి మందు, యూనివర్సిటీలోనే ఒక మనిషిని కూర్చోబెట్టడం. హెల్ప్ డెస్క్. బాధ్యత గల ఉద్యోగి. రహస్యం బయటపెడితే చర్య తీసుకోవచ్చు. మిషన్ మీద అంత నమ్మకం నాకు లేదు. సైట్ ఆగిపోయిన రోజు మళ్లీ మనిషే కావాలి కదా?

హంద్రీ_డెవ్

హెల్ప్ డెస్క్ వద్దని ఎవరూ అనరు సార్, ఉండాల్సిందే. కానీ అది పది గంటలకు తెరిచి ఐదింటికి మూస్తారు, ఆదివారం ఉండదు. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో బస్సెక్కి, తోడు ఒకరిని తీసుకుని రావాలి. అందరూ రాత్రి పన్నెండింటికి మంచం మీద పడుకుని ఫీజు కడుతుంటే చూపు లేని పిల్ల మాత్రం తోడు తెచ్చుకుని డెస్కు ముందు నిలబడాలా? మీకూ మాకూ తేడా ఇక్కడే ఉంది. పీడీఎఫ్‌లో లేదు.

గుత్తికోట (రిటైర్డ్)

ఉండొచ్చు. తోడు తెచ్చుకోవడం అవమానమని మా కాలంలో ఎవరూ అనుకోలేదు.

చిత్రావతి_ఒడ్డు (అనంతపురం)

అనుకున్నారేమో సార్. మీతో చెప్పి ఉండరు.

పెన్నేటి_గట్టు (కడప)

గొడవ పక్కన పెడితే, నా వల్ల అయ్యేది చెప్తా. డీటీపీ అబ్బాయికి యూనికోడ్ కీబోర్డు నేనే వేసిస్తా. ఫీజు, పరీక్షలు, హాల్‌టికెట్లు, ఈ మూడు రకాల నోటిఫికేషన్లు మాత్రం సైటులోనే మామూలు అక్షరాలతో పెడతా, కింద సంతకం కాపీకి లింకు ఇస్తా. పాత పీడీఎఫ్‌లు వందల్లో ఉన్నాయి, వాటి జోలికి పోను. ఫారం నా చేతిలో లేదు, బయటి కంపెనీ వాళ్లది. లేబుళ్లు, క్యాప్చా సంగతి ప్రిన్సిపాల్ లెటర్ రాస్తే తప్ప వాళ్లు కదలరు. టెండరులో ఆ ముక్క లేదని అప్పుడే అనేసినారు.

హంద్రీ_డెవ్

లెటర్ డ్రాఫ్టు నేను రాసిస్తా. సెక్షన్లు, తీర్పులు పెట్టి. వచ్చే టెండరులో ఆ షరతు రాయించకపోతే మళ్లీ ఇదే కథ.

చిత్రావతి_ఒడ్డు (అనంతపురం)

అన్నా, మీది మా యూనివర్సిటీ కాదు. అయినా ఒకటి పెట్టినాక లింకు ఇవ్వండి, నేను ఎన్‌వీడీఏతో చదివి ఎక్కడ తట్టుకుంటుందో చెప్తా. మావాళ్లకు చూపించడానికైనా ఉంటుంది.

పెన్నేటి_గట్టు (కడప)

సరే చెల్లీ. రెండు కాపీల్లో తేడా వస్తే సంతకం కాపీదే చెల్లుబాటు అని పైన ఒక లైను రాస్తా. గుత్తికోట సార్, ఇప్పుడు సరేనా?

గుత్తికోట (రిటైర్డ్)

ఆ లైనుకు అప్రూవల్ ఎవరిచ్చినారు? ఫైలు పెట్టి రిజిస్ట్రార్ సంతకం తీసుకో ముందు. నోట్ ఎట్లా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టు, రాసిస్తా.