డ్యూటీ మారేటప్పుడు రోగి మంచం దగ్గరే అప్పగింత: తప్పనిసరి చేయాలా, వద్దా?

సఖినేటిపల్లి అబ్బాయి

అందరికీ నమస్కారం. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళే సిస్టరూ వచ్చే సిస్టరూ కలిసి ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి, కేస్ షీట్ చేతిలో పట్టుకుని రోగిని అప్పగించుకోవాలి. మన గోదావరి జిల్లాల్లో చిన్నాపెద్దా ప్రతి ఆసుపత్రికీ ఈ నిబంధన పెట్టాలని నా వాదన. ఎందుకో చెబుతాను.

పోయిన శ్రావణంలో అమ్మని కాలి పుండుతో గోదావరి అవతల ఒక ఆసుపత్రిలో చేర్చాం. చాలా ఏళ్ళ నుంచి షుగరు ఉంది. ఆ రోజు వరదకి పంటు (రేవు దాటించే పడవ) ఆపేశారు. నేను తెల్లారి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. ఈలోగా ఇలా జరిగింది. ఏడున్నరకి నైట్ సిస్టర్, టిఫిన్‌కి ఆలస్యం కాకూడదని ఇన్సులిన్ తనే ఇచ్చింది. సంతకం పెట్టేలోపు పక్క వార్డులో ఎవరికో ఆయాసం వచ్చిందని పిలిస్తే పరిగెత్తింది. ఎనిమిదింటికి వచ్చిన సిస్టర్ షీట్ చూస్తే ఇన్సులిన్ గడి ఖాళీగా ఉంది. సిరంజితో వచ్చింది. "ఇందాకే పొడిచారమ్మా" అంది అమ్మ. షుగర్ చూడడానికి వేలికి పొడిచారేమో అనుకుంది ఆ అమ్మాయి. రెండో డోసు కూడా వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నరకి నేను వెళ్ళేసరికి అమ్మ జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. నన్ను మా మావయ్య పేరు పెట్టి పిలిచింది. షుగర్ 41కి పడిపోయింది. గ్లూకోజు నరానికి ఎక్కించాక పావుగంటకి తేరుకుని "ఎప్పుడొచ్చావురా" అని అడిగింది.

ఆ ఇద్దరమ్మాయిల మీదా నాకు కోపం లేదు. ఒకరు ఆకలితో ఉన్న పెద్దావిడకి సాయం చేద్దామనుకున్నారు, రెండో ఆవిడ కాగితంలో ఉన్నది చేశారు. అమ్మ మంచం దగ్గర ఇద్దరూ ఒక్క నిమిషం కలిసి నిలబడి ఉంటే ఇది జరిగేది కాదు.

స్టాఫ్ నర్స్, 11 ఏళ్ళ సర్వీసు

మీ అమ్మగారు బాగున్నందుకు సంతోషం అండి. మాలాంటి వాళ్ళం ఉలిక్కిపడే సంగతి ఇది, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. అయినా తప్పనిసరి అంటే ఒప్పుకోను.

మా వార్డులో 38 మంచాలు, రాత్రి ఇద్దరం. ఒక్కో మంచానికి రెండు నిమిషాలనుకున్నా గంటా పావు. ఆ గంటా పావు ఎవరి లెక్కలోకి వస్తుంది? ఎనిమిదికి డ్యూటీ అయిపోయినట్టు రిజిస్టర్‌లో ఉంటుంది, ఇంటి దగ్గర పిల్ల స్కూలు ఆటో ఎనిమిదిన్నరకి వస్తుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రిలో అయిదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలి. ముందు మనుషుల్ని వేయమనండి. మనుషుల్లేకుండా ఆర్డర్ మాత్రం వేస్తే, కుర్చీలో కూర్చుని 38 సంతకాలు పెడతాం. అందుకు నేను కూడా సిగ్గుపడతాను, కానీ జరిగేది అదే.

కాకినాడలో చదివిన డాక్టర్

సిస్టర్ గారి భయం నిజమేనని రుజువులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ కోసం 19 అంశాల చెక్‌లిస్టు చేసింది. ఢిల్లీతో సహా 8 నగరాల్లో వాడి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అందరం చప్పట్లు కొట్టాం. 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అక్కడ దాన్ని అమలు చేయమని పైనుంచి ఆదేశం వచ్చింది.

ఉత్తరప్రదేశ్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. కాన్పుల కోసం చేసిన చెక్‌లిస్టుని 120 కేంద్రాలు తీసుకుని, సగం చోట్ల కోచ్‌లని పెట్టి మరీ పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది. చేయాల్సిన పనులు చేయడం పెరిగింది, రెండో నెలలో చూస్తే కోచ్‌లున్న చోట నూటికి 73, మిగతా సగంలో 42. కానీ తల్లీబిడ్డల మరణాల్లో, తల్లులకి వచ్చే తీవ్ర సమస్యల్లో తేడా లేదు. కాగితం ఒక్కటే బిడ్డని బతికించలేదు. రక్తం, మందులు, సమయానికి పెద్దాసుపత్రికి చేర్చే బండి కూడా కావాలి. మన జిల్లాల్లో ఇప్పటికే రిజిస్టర్లు గుట్టలుగా ఉన్నాయి. ఇంకోటి వద్దు.

సఖినేటిపల్లి అబ్బాయి

డాక్టర్ గారూ, నేను కొత్త రిజిస్టర్ అడగలేదండి. ఉన్న షీట్‌నే మంచం దగ్గరికి తీసుకెళ్ళమంటున్నాను.

అప్పగింత మీదే జరిగిన పరిశీలన ఉంది, ఐ-పాస్ అంటారు. అమెరికా, కెనడాల్లో 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో జూనియర్ డాక్టర్లకి ఒక క్రమం నేర్పారు. జబ్బు ఎంత తీవ్రంగా ఉంది, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఏం చేయాలి, ఏం జరిగే ప్రమాదం ఉంది, చివర విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. 10,740 మంది పిల్లల కేసులు చూసి 2014లో ప్రచురించారు. పొరపాట్లు 23 శాతం, తప్పించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. సిస్టర్ గారు టైము సంగతి అడిగారు కదా, ఒక్కో రోగికి పట్టే సమయం 2.4 నిమిషాల నుంచి 2.5 అయింది, అంతే. అక్కడి డాక్టర్ల లెక్క ఇక్కడి నర్సులకి అలాగే వర్తిస్తుందని అనను. కానీ విన్నవాళ్ళు తిరిగి చెప్పే ఆ చివరి మెట్టు ఉంటే, మా అమ్మ "పొడిచారు" అన్న మాట దగ్గర ఎవరో ఒకరు ఆగేవారు.

ల్యాబ్ టెక్నీషియన్, పీహెచ్‌సీ

నాది పక్క విషయం అనిపించవచ్చు, కానీ చెప్పాలి.

కోతల కాలంలో మాకు పాముకాటు కేసులు వస్తాయి. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకని ఒక చిన్న పరీక్ష ఉంది. రెండు మిల్లీలీటర్ల రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే, విరుగుడు ఇంజక్షన్ మొదలుపెట్టాలి. ఇదంతా మా గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించే ఉంది.

అయినా ఒకసారి, ఒంట్లో ఏ లక్షణమూ లేని కూలి మనిషి రక్తం గడ్డకట్టలేదు. విరుగుడు ఎక్కించారు. ఒళ్ళంతా దద్దుర్లు, వణుకు, బీపీ పడిపోయింది. అడ్రినలిన్ ఇచ్చి కాపాడారు. తర్వాత ఆరా తీస్తే, ఆ గొట్టం మా ఆయా సబ్బు పొడితో శుభ్రంగా కడిగినది. సబ్బుతో కడిగిన గాజులోనూ, ప్లాస్టిక్ గొట్టంలోనూ మంచి రక్తం కూడా సరిగా గడ్డకట్టకపోవచ్చు. ఆవిడ తప్పేముంది, శుభ్రంగా కడగమనే కదా మేం నేర్పింది.

అప్పుడు మేం కొత్త నోటీసు అంటించలేదు. ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఆరు కొత్త పొడి గాజు గొట్టాలు, ఒక స్టాండు, వంటింట్లో వాడే టైమరు పెట్టాం. పాముకాటు కేసొస్తే ఆ డబ్బా తీయడమే. వాడిన గొట్టం మళ్ళీ డబ్బాలోకి వెళ్ళదు. రాత్రి రెండుకి కొత్తగా చేరిన వాళ్ళున్నా తప్పు చేయడం కష్టం. సిస్టర్ గారు, డాక్టర్ గారు తిడుతున్నది గోడ మీది కాగితాన్ని. నేనూ తిడతాను. డబ్బా సంగతి వేరు.

ముమ్మిడివరం కోడలు

మంచం దగ్గర పైకి చదువుతారా? జనరల్ వార్డులో మా పక్క మంచం వాళ్ళది మా ఊరే. నాకు గర్భం పోయిన సంగతి సిస్టర్లు అప్పగించుకుంటుంటే వాళ్ళు విన్నారు. నేను ఇంటికి చేరేలోపే ఊరంతా తెలిసింది. మీ రూల్‌లో దీనికి చోటుందా?

స్టాఫ్ నర్స్, 11 ఏళ్ళ సర్వీసు

అమ్మా, మీ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. జబ్బు పేరు, టెస్టు రిపోర్టు టేబుల్ దగ్గరే చెప్పుకోవాలి. మంచం దగ్గర చూడాల్సింది కళ్ళతో చూసేవే. సెలైన్, సూది పెట్టిన చోటు, గొట్టాలు, ఇచ్చిన మందుకి సంతకం. ఏదైనా గుట్టుగా చెప్పాలంటే షీట్ మీద వేలు పెట్టి చూపిస్తే చాలు.

డబ్బా సంగతి చదివాక మా హెడ్ సిస్టర్‌తో మాట్లాడాను. 38 మంచాలూ కుదరవు. ఇన్సులిన్, రక్తం పలచబడే ఇంజక్షన్, ఆక్సిజన్, ఆ రోజు చేరినవాళ్ళు, ఆపరేషనైనవాళ్ళు, వీళ్ళ మంచాల దగ్గరికి ఇద్దరం వెళ్తాం. వారం నుంచి చేస్తున్నాం, రోజుకి తొమ్మిది పది మంచాలు వస్తున్నాయి, ఇరవై నిమిషాలు. సంతకం పెట్టాకే సిరంజి ట్రేలో పడేయాలని ఇంకో నియమం పెట్టుకున్నాం. మూడో రోజు ఆపేసి ఉన్న డ్రిప్ ఒకటి దొరికింది, షీట్‌లో నడుస్తున్నట్టే ఉంది.

కానీ ఆ ఇరవై నిమిషాలు ఇప్పటికీ మా సొంత టైమే. డ్యూటీ చార్టులో వచ్చేవాళ్ళని ఏడూ నలభైకి వేసి, దానికి లెక్క కట్టాలి. అది లేకుండా తప్పనిసరి అంటే ఇప్పుడూ వ్యతిరేకమే.

కాకినాడలో చదివిన డాక్టర్

చార్టులో ఇరవై నిమిషాలు, ఎంచిన మంచాలు: ఇలాగైతే నా అభ్యంతరం సగం పోయింది. మిగతా సగం ఉంది. మూడు నెలలు ఎన్ని పొరపాట్లు దొరికాయో రాసిపెట్టండి, దొరికినవాళ్ళని మెమోలతో భయపెట్టకుండా. అప్పుడు మిగతా ఆసుపత్రుల సంగతి మాట్లాడదాం.

సఖినేటిపల్లి అబ్బాయి

ప్రతి మంచం అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సిస్టర్ గారి జాబితా ఖాయం చేసి, చార్టులో టైముతో తప్పనిసరి చేయాలి, ఇప్పుడు నా వాదన ఇది. ముమ్మిడివరం అక్కయ్య గారూ, నాకు ఆ ఆలోచనే రాలేదు, క్షమించండి.

నిన్న అమ్మని డ్రెస్సింగ్‌కి తీసుకెళ్ళాను. కొత్త సిస్టర్ వచ్చి "షుగర్ చూశారా అమ్మా" అని అడిగింది. అమ్మ ఇప్పుడు పొడిచారు అని చెప్పడం మానేసింది. "వేలికి చూశారు, పొట్టకి ఇంకా ఇవ్వలేదు" అంది.