‘లైట్ యాజ్ ఎ రాక్’: ఉపమాలంకారమా, రూపకమా?

అలంకారాల మీద ఇష్టం ఉన్నవాళ్లు ఈ నాలుగు మాటలను ఒకసారి విప్పి చూడాలని నా కోరిక: ‘లైట్ యాజ్ ఎ రాక్’ (వినడానికి ‘రాయంత తేలిక’). 1988 సెప్టెంబరులో అమెరికన్ ర్యాపర్ ఎంసీ లైట్ తెచ్చిన మొదటి ఆల్బమ్ పేరు ఇది. అందులో ఒక పాట పేరు కూడా ఇదే. ఆమె అసలు పేరు లానా మూరర్, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెరిగిన పిల్ల. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. సాల్ట్-ఎన్-పెపా లాంటి ఆడపిల్లల బృందాలు అంతకు ముందే రికార్డులు తెచ్చాయి గానీ, బృందం లేకుండా ఒక్క మహిళా ర్యాపర్ పూర్తి ఆల్బమ్ తేవడం దీనితోనే మొదలని చెబుతారు.

నన్ను పట్టుకున్నది ఆ పాట ఎత్తుగడ. ఆమె గొంతు రాకముందు రెండు మగ గొంతులు మాట్లాడుకుంటాయి. ఒకతను ఈ మాటను రూపకం అంటాడు, ఆ అమ్మాయి ఎంత బరువైనదో చెప్పడానికే అలా అన్నారని వివరిస్తాడు. రెండో అతను ఒప్పుకోడు. మధ్యలో ‘యాజ్’ ఉంది కాబట్టి దీన్ని ఉపమ అనాలంటాడు. ఆ తర్వాతే ఆమె అందుకుంటుంది.

మన అలంకారశాస్త్రం లెక్కలో ఎవరి మాట నిలుస్తుంది?

వ్యాఖ్య:
రెండో అతనే కరెక్టండీ. వలె, పోలె, లాగా, యాజ్, ఏదో ఒక ఉపమావాచకం కనిపిస్తే అది ఉపమే. ‘ఆమె రాయి’ అని ఉంటే రూపకం అనేవాళ్లం. ఇందులో పెద్ద చర్చ ఏముంది? పైగా రాయి తేలికగా ఉండదు కదా, అసలు పోలికే తప్పు.

నా జవాబు:
వాచకం విషయంలో మీరన్నది సరే. పోలిక తప్పన్న దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి, అసలు పని అక్కడే జరుగుతోంది.

పూర్ణోపమకు ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెండిటికీ ఉన్న గుణం), ఉపమావాచకం అనే నాలుగూ ఉండాలి. ఇక్కడ ‘రాక్’ ఉపమానం, ‘యాజ్’ వాచకం. ఈ రెండూ కదలవు. మరి ‘లైట్’ ఏమిటి? తేలిక అనే అర్థంలో వింటే అది సమానధర్మం. అప్పుడు ఎవరు తేలికో చెప్పలేదు కాబట్టి ఉపమేయం లోపించింది. మీరన్నట్టు బండకు తేలికదనం అంటగట్టడం విరోధం కూడా. అదే మాటను ఆమె పేరుగా వినండి. ఉపమేయం దొరికింది, విరోధం పోయింది. కానీ ఇప్పుడు ఏ గుణంలో పోలికో చెప్పలేదు, అంటే సమానధర్మం లోపించింది. ఎలా విన్నా లుప్తోపమే, అంటే ఒక అంగం లోపించిన ఉపమే; లోపించే అంగం మాత్రం మారుతోంది. పైకి విరోధంగా తోచి, శ్లేషతో, అంటే ఒకే మాటలోని రెండు అర్థాలతో, పరిహారమయ్యేదాన్ని మనవాళ్లు విరోధాభాస అన్నారు. కాబట్టి పాటలోని ఇద్దరూ సగం సగమే చెప్పారని నా అభిప్రాయం. శ్లేష లేకుండా ఈ మాట నిలబడదు, దాని ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

ఇంకో సంగతి. తేలిక అనే అర్థమున్న ఇంగ్లిషు మాటలోంచి ఐ, జీ, హెచ్ తీసేసి వై పెట్టుకుని, చివర ఈ తగిలించుకుంది ఆమె. కంటికి రెండు మాటలు, చెవికి ఒకటే. ర్యాప్ చెవి కోసం పుట్టిన కవిత్వం, అందుకని అక్కడ చెవి మాటే చెల్లుతుంది. తెలుగు లిపిలో రాస్తే కంటికి కూడా తేడా ఉండదు, రెండూ లైటే. ఈ శ్లేషను కాగితం మీద నిలపడానికి ఇంగ్లిషు కంటే మన లిపే బాగా పనికొచ్చింది!

వ్యాఖ్య:
విశ్లేషణ బాగుందండీ. కానీ దీన్ని తెలుగులో ఎలా చెబుతారు? ‘రాయిలా తేలిక’ అంటే నవ్వుతారు. ‘రాయిలాంటి పిల్ల’ అంటే జాలి లేనిదనుకుంటారు.

నా జవాబు:
నిజమేనండీ. మన రాయికి అలవాటైన గుణాలు వేరు. గుండె రాయి చేసుకోవడం, బండరాయిలా కూర్చోవడం, ఇలా అన్నీ దయలేనితనం దగ్గరో మొద్దుతనం దగ్గరో ఆగిపోతాయి. బరువు గౌరవంగా మారాలంటే మనకు కొండ కావాలి. కొండంత అండ అంటాం కదా. అయితే కొండ పెట్టినా పేరులోని శ్లేష దక్కదు.

దగ్గరగా వచ్చేది ఛందస్సులో ఉంది. లఘువంటే తేలిక, గురువంటే బరువు, గురువంటే పెద్ద కూడా. పాటలో ఆ మొదటి అతను బరువైన పిల్ల అన్నది ఆ రెండో అర్థంలోనే, మాటలో సత్తా ఉన్న మనిషని. ‘పేరుకు లఘువు, మాటకు గురువు’ అంటే ఆ గర్వం చాలావరకు దిగుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుందని చదువుకున్నాం. ఆ పేరు పక్కన ‘రాక్’ వచ్చి చేసిన పని కూడా అలాంటిదే.

దీనికంటే సూటిగా మన కుర్రకారు మాట ఒకటుంది: లైట్ తీసుకోవడం. అంటే లెక్క చెయ్యకపోవడం. మగవాళ్లు నిండిన రంగంలోకి వస్తూ, తేలిక అని వినిపించే పేరు పెట్టుకుని, నన్ను లెక్క చెయ్యకుండా ఉండలేరని మొదటి ఆల్బమ్ అట్ట మీదే వేయించింది ఆ అమ్మాయి. ‘లైట్ తీసుకోలేని లైట్’ అంటే? పోలిక పోయింది, శ్లేష మిగిలింది, పొగరు మిగిలింది. నా ఓటు దీనికే.

వ్యాఖ్య:
ఆల్బమ్ అంతా ఇలాంటి మాటల ఆటేనా?

నా జవాబు:
కాదండీ. ‘10 పర్సెంట్ డిస్’ అని ఒకటుంది, ఆంటోనెట్ అనే మరో ర్యాపర్ మీద ఎక్కుపెట్టిన పాట. ఆ ‘డిస్’ గమనించండి. అమర్యాద అనే అర్థమున్న ఇంగ్లిషు మాట ముందుండే ఉపసర్గ అది. తోక తెగి తనంతట తానే క్రియగా నిలబడింది. మనం ‘అవమానించాడు’ అనడానికి ‘నన్ను అవ చేశాడు’ అన్నట్టు. తెలుగులో అలా కుదరదు గానీ, ‘డిస్ ట్రాక్’ అనే మాట మాత్రం మన ర్యాప్ పిల్లల నోట్లో ఇప్పుడు మామూలే.

అన్నిటికంటే నాకు నచ్చినది శామ్ అనే కుర్రాడి గురించిన పాట: ‘ఐ క్రామ్ టు అండర్‌స్టాండ్ యూ’. ఆల్బమ్ కంటే ముందే సింగిల్‌గా వచ్చింది. ఇందులో చమత్కారాలు తక్కువ, కథ ఎక్కువ. ప్రేమించినవాడికి ఇంకో అమ్మాయితో సంబంధం ఉందని ఆమెకు అనుమానం. ఆ సవతి క్రాక్ కొకైన్ అని చివరికి తెలుస్తుంది. అప్పట్లో న్యూయార్క్ పేటలను ఊడ్చేసిన మత్తుమందు అది. అర్థం కోసం ఆగకుండా ఒక్క ఊపులో వినేసే పాట, వీలైతే ముందు ఇదే వినండి.

తన పేరునే శ్లేష చేసి ధీమా చాటుకున్న కవుల పద్యాలు, చాటువులు మీకెవరికైనా గుర్తుంటే కింద పెట్టండి. వాటిలో ఉపమతో కలిసినవి ఉంటే ఇంకా మంచిది, ఈ లుప్తోపమ లెక్క వాటికి కూడా సరిపోతుందో లేదో చూద్దాం.