చిన్న ప్రైవేటు కాలేజీలో ఉండిపోవాలా, జనవరికి స్టేట్ యూనివర్సిటీకి మారాలా?

కందుకూరు తమ్ముడు:
అన్నలకూ అక్కలకూ నమస్తే. ఆగస్టులో అమెరికా వచ్చాను. చేరింది చిన్న ప్రైవేటు కాలేజీ, ఎంఎస్ కంప్యూటర్ సైన్స్. 36 క్రెడిట్లు, క్రెడిటుకు 720 డాలర్లు, సెమిస్టరుకు 2,000 స్కాలర్‌షిప్. పక్క రాష్ట్రంలో స్టేట్ యూనివర్సిటీ (ప్రభుత్వానిది) జనవరికి సీటిచ్చింది. అక్కడ 30 క్రెడిట్లు, క్రెడిటు 610, స్కాలర్‌షిప్ లేదు. బీటెక్ ఈసీఈ. నాన్న ఒంగోల్లో ఇల్లు తనఖా పెట్టి 30 లక్షల లోను తీశారు. స్కాలర్‌షిప్ వదులుకుంటే తప్పు చేసినట్టేనా?

గూడూరు అన్న, డాలస్:
తమ్ముడూ, స్కాలర్‌షిప్ సంగతి తర్వాత. మీ కాలేజీ లాభాపేక్ష లేనిదా, వ్యాపార సంస్థా? ముందు అది తేల్చుకో. హెచ్-1బీలో (ఉద్యోగ వీసా) అమెరికా మాస్టర్స్ వాళ్లకని విడిగా 20,000 ఉన్నాయి గదా, వాటికి ప్రభుత్వ కాలేజీ డిగ్రీగానీ లాభాపేక్ష లేని కాలేజీ డిగ్రీగానీ ఉండాలి. లాభం కోసం నడిపే కాలేజీలో ఎంఎస్ చేస్తే ఆ కోటా వర్తించదు, మామూలు 65,000లోనే నిలబడాలి. "ప్రైవేటు" అన్న మాట ఒక్కటే చూసి ఈ రెండింటికీ తేడా కనిపెట్టలేవు. రెండోది కాలేజీకి ఉన్న గుర్తింపు (అక్రెడిటేషన్). డిగ్రీ చేతికొచ్చే రోజుకు గుర్తింపు బతికుండాలి. గుర్తింపులిచ్చే ఏసీఐసీఎస్ సంస్థనే 2022లో అమెరికా విద్యాశాఖ పక్కన పెట్టింది, దాని మీద ఆధారపడిన కాలేజీలన్నీ ఇంకో సంస్థ కోసం పరుగులు తీశాయి. మూడోది, ఐ-20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) నీ కోర్సు కోడు. 11.0701 అయితే కంప్యూటర్ సైన్స్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కింద ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) 12 నెలల మీద ఇంకో 24 నెలలు వస్తుంది. మామూలు ఎంబీఏ కోడు 52.0201, దానికి రాదు.

ఒంగోలు అక్క, షికాగో:
అబ్బాయి అడిగింది డబ్బు గురించి. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు, నేను వేస్తున్నా.

ఈ సెమిస్టరు 9 క్రెడిట్లకు కట్టింది కట్టేశావు. ఉండిపోతే మిగిలేది 27 క్రెడిట్లు. 19,440 డాలర్లు, మూడు సెమిస్టర్ల స్కాలర్‌షిప్ 6,000 తీస్తే 13,440. మారితే 30 క్రెడిట్లకు 18,300. ఇప్పుడు చదువుతున్న వాటిలో 6 క్రెడిట్లు అక్కడ ఒప్పుకుంటే 24కి 14,640. అంటే తేడా 1,200 డాలర్లే. ఒక్క క్రెడిటూ ఒప్పుకోకపోతే 4,860. అందుకే డబ్బు కట్టేముందు సిలబస్‌లు పంపి, ఏ కోర్సుకు ఏది సమానమో ఈమెయిల్లో రాయించుకో. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు.

ఇంకోటి. నీది ఈసీఈ. అడ్మిషన్ లెటర్ రెండో పేజీ చదువు. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటి ఫౌండేషన్ కోర్సులు రెండు రాసి ఉంటే అవి 36లో కలవవు. 6 క్రెడిట్లంటే 4,320 డాలర్లు, పైగా ఒక సెమిస్టరు పొడుగు, దాంతో నాలుగైదు నెలల అద్దె, తిండి. రెండు కాలేజీల్లోనూ ఇది అడుగు. 2,000 స్కాలర్‌షిప్ ఏ జీపీఏ దాకా ఉంటుందో, చివరి సెమిస్టరులో 9 కంటే తక్కువ తీసుకుంటే ఇస్తారో లేదో కూడా కనుక్కో.

కావలి అన్న, న్యూజెర్సీ:
చిన్న కాలేజీకి ఇంకో చిక్కుంది. కోర్సు ఏడాదికి ఒక్కసారే పెడతారు, చేరేవాళ్లు చాలకపోతే రద్దు చేసి ఆన్‌లైన్‌లో పెడతారు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు ఫుల్‌టైమ్ లెక్కలో ఆన్‌లైన్ 3 క్రెడిట్లు మాత్రమే చెల్లుతాయి. కోర్సు మానేసే ముందు డీఎస్ఓను (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే అధికారి) అడక్కపోతే ఎఫ్-1 స్టేటస్సే పోతుంది.

కాలేజీ మూతపడటం అయితే మరీ ఘోరం. ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ ఉండేది. 2024 మే 31న ప్రకటన, జూన్ 7కు మూత. వారం రోజులు. అదే ఏడాది పెన్సిల్వేనియాలోనే కాబ్రినీ, అలబామాలో బర్మింగ్‌హామ్ సదరన్ మూశారు. వ్యాపార కాలేజీలు కావవి, పాత సంస్థలు. ఎఫ్-1 వాళ్లకు అట్టాంటప్పుడు ఇంకో కాలేజీ వెతుక్కుని సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం పెట్టే రికార్డు) మార్చుకోవడానికి టైము చాలదు. ముందే కనిపెట్టే దారి ఒకటుంది. ప్రైవేటు కాలేజీల ఆర్థిక పరిస్థితికి విద్యాశాఖ మార్కు వేస్తుంది, మైనస్ 1 నుంచి 3 దాకా. 1.5 గానీ ఆపైన గానీ ఉంటే నిలకడగా ఉన్నట్టు లెక్క. వరసగా మూడేళ్ల మార్కులు చూడు, దిగుతుంటే దూరంగా ఉండు.

అద్దంకి తమ్ముడు, అట్లాంటా:
ఇంత భయపెట్టబాకండి అన్నా. కొన్ని చిన్న కాలేజీలు మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతుండగానే పని చేసుకునే అనుమతి) ఇస్తాయి, ఉద్యోగం చేసుకుంటూ ఫీజు కట్టేయొచ్చు.

గూడూరు అన్న, డాలస్:
ఆ సలహా కొత్తవాడికి ఇయ్యబాకు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ చదువు స్థాయికి వచ్చే ఓపీటీ మొత్తం పోతుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో మిషిగాన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ అయితే ప్రభుత్వమే వలగా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసుల్లేకుండా పని చేసుకోనిచ్చే కాలేజీ అని ఎవరు చెప్పినా చేరకూడదు.

అద్దంకి తమ్ముడు, అట్లాంటా:
నేను క్లాసుల్లేని కాలేజీ అనలేదు అన్నా. పార్ట్‌టైమ్ సీపీటీ అయితే ఓపీటీకి కోత లేదు. అదీ చెప్పాలి గదా.

గూడూరు అన్న, డాలస్:
అది నిజమే. కానీ ఆ సీపీటీ కోర్సులో భాగమై ఉండాలి, క్లాసులు జరగాలి.

నాయుడుపేట అక్క, బోస్టన్:
చిన్న ప్రైవేటు అంటే అన్నీ ఒకే గాటన కట్టొద్దు. ఆమర్స్ట్ చిన్నదే, విదేశీ పిల్లల్ని కూడా డబ్బు స్తోమత చూడకుండా చేర్చుకుంటుంది. కెంటకీలో బెరియా ట్యూషన్ ఫీజే తీసుకోదు.

ఒంగోలు అక్క, షికాగో:
అవి డిగ్రీ పిల్లలకు, అక్కా. ఈ అబ్బాయిది ఎంఎస్. మాస్టర్స్ మీదే ఆదాయం రాబట్టుకునే చిన్న కాలేజీలో ట్యూషన్ మాఫీ ఉండే అసిస్టెంట్‌షిప్‌లు (ప్రొఫెసర్ల దగ్గర పని) అరుదు. పరిశోధన ఉన్న స్టేట్ యూనివర్సిటీలో రెండో సెమిస్టరుకైనా ప్రొఫెసర్లను అడిగి చూడొచ్చు.

ఉద్యోగాల లెక్క ఒకటి చెప్తా. కాలేజ్ స్కోర్‌కార్డులో (విద్యాశాఖ వెబ్‌సైటు) జీతాలు చూసి మురిసిపోకు తమ్ముడూ. అవి ప్రభుత్వ సాయం తీసుకున్న విద్యార్థులవి, ఎఫ్-1 వాళ్లు అందులో లేరు. లింక్డిన్‌లో నీ కోర్సు నుంచి రెండేళ్ల కిందట బయటికొచ్చిన మన పిల్లల్ని ఓ 20 మందిని వెతుకు. ఎంతమంది నేరుగా కంపెనీ జీతంలో ఉన్నారు, ఎంతమంది పని లేకుండా కన్సల్టెన్సీ బెంచీ మీదున్నారు? ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులే ఉండనిస్తారు. స్టెమ్ పొడిగింపు వస్తే మొత్తం మీద 150.

కందుకూరు తమ్ముడు:
అక్కా, స్టేట్‌కి మారితే వీసా మళ్లీ తీసుకోవాలా? నాన్న లోనుకు ఇబ్బందా?

కావలి అన్న, న్యూజెర్సీ:
వీసాకు గడువుంటే పాత కాలేజీ పేరుతోనే పనికొస్తుంది, కొత్త ఐ-20 ఉంటే చాలు. ఇప్పటి సెమిస్టరు మాత్రం పూర్తి చెయ్, మధ్యలో వదలొద్దు. ముందు కొత్త కాలేజీ అడ్మిషన్ లెటర్ చేతిలో ఉండాలి, ఆ తర్వాతే డీఎస్ఓతో రిలీజ్ తేదీ (నీ సెవిస్ రికార్డు కొత్త కాలేజీకి వెళ్లే తేదీ) పెట్టించుకో. ఆ తేదీ దాటాక పాత కాలేజీ చేతుల్లో ఏమీ ఉండదు.

లోను సంగతి నాన్నగారి చేత బ్యాంకుకు ముందే చెప్పించు. కొత్త కాలేజీ పేరు, కొత్త ఫీజు పట్టిక ఇచ్చాకే మిగిలిన విడతలు వదులుతారు. 30 లక్షలకు 11 శాతం అనుకుంటే నెలకు 27,500 వడ్డీయే. ఆ విడతలు ఆగాయని నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తేవొద్దు, 10 లక్షలకే నెలకు 20,000 అవుతుంది. పొలం పెడదామన్నా సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకెళ్లకుండా స్వాధీనం చేసుకునే చట్టం) వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకని బ్యాంకులు ఇళ్లూ స్థలాలే అడుగుతాయి. నువ్వు సిలబస్‌లు ఈ వారమే పంపు.