స్కూల్ ఫారంలో మా పాప "ఇండియన్" అయిపోయింది. మార్పించాలా?

లంబర్టన్_డాక్టర్:
మేముండేది నార్త్ కరోలినా, రోబెసన్ కౌంటీ. జే-1 వెయివర్ ఉద్యోగం (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే అమెరికాలో ఉండనిచ్చే వీసా ఏర్పాటు), ఇది మూడో ఏడు. మొన్న పాపను స్కూల్లో చేర్చడానికి వెళ్తే కౌంటర్ దగ్గర ఆవిడ "ఇండియనేనా?" అని అడిగింది. అవునన్నాను. ఇంటికొచ్చి కాగితం చూస్తే రేస్ దగ్గర "అమెరికన్ ఇండియన్" అని ఉంది. ఈ కౌంటీలో ఇండియన్ అంటే మనం కాదు, లంబీ తెగవాళ్లు. అందరికంటే ఎక్కువ మంది వాళ్లే. 2010 జనాభా లెక్కల్లో వాళ్లతో కలిపి అమెరికన్ ఇండియన్లు 38 శాతం, తెల్లవాళ్లు 29, నల్లవాళ్లు 24, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలవాళ్లు) 8. ఆసియావాళ్లం ఒక శాతం కూడా లేం. మావారు "వదిలెయ్, ఎవరికి నష్టం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

పులిహోర_పొట్లం:
మార్పించకండి మేడమ్. కాలేజీ సీటప్పుడు కలిసొస్తుందేమో.

లెక్కల_మాస్టారు:
అమ్మా, ముందు ఆ అంకెల సంగతి చూడండి. మా అబ్బాయి దగ్గరికి రాలీ నగరం వచ్చి ఉన్నాను, తీరికే కదా అని ఆ పట్టిక తీశాను. మీరు రాయని "ఇతరులు", "రెండు మూడు రేస్‌లవాళ్లు" కూడా కలిపి రేస్‌లన్నీ కూడితే వంద వచ్చింది. దాని కింద మళ్లీ హిస్పానిక్ 8. మొత్తం 108! ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నూటికి నూట ఎనిమిది వేసినవాణ్ణి చూడలేదు.

మోటెల్_మావయ్య:
మాస్టారూ, హిస్పానిక్ అనేది రేస్ కాదు, వేరే ప్రశ్న. ఒకే మనిషి రెండు చోట్లా పడతాడు. తెల్లవాడూ హిస్పానిక్కే కావచ్చు, నల్లవాడూ కావచ్చు. జనాలకు ఇది ఎప్పుడూ తికమకే. అందుకే 2024లో రెండు ప్రశ్నల్నీ ఒకటి చేస్తూ ప్రభుత్వం రూలు మార్చింది.
డాక్టరమ్మా, ఐ-95 హైవే పక్కన నేను పద్నాలుగేళ్లు మోటెల్ నడిపాను, మీ లంబర్టన్ నాకు తెలుసు. అక్కడ ఒకప్పుడు తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి, ఇండియన్లకొకటి, మూడు రకాల స్కూళ్లు. సినిమా హాల్లోనూ మూడు చోట్ల కూర్చోబెట్టేవారు. 1958 జనవరిలో మాక్స్‌టన్ దగ్గర హేస్ పాండ్ ఒడ్డున కూ క్లక్స్ క్లాన్ (తెల్లవాళ్లదే పైచేయి అనే ముఠా) వాళ్లు సభ పెట్టుకుంటే లంబీలు తుపాకులతో వెళ్లి తరిమేశారు. ఆ మాట ఎత్తితే ముసలివాళ్లు ఇప్పటికీ కుర్చీలోంచి లేచి మరీ చెబుతారు.

లెక్కల_మాస్టారు:
కథ బాగుంది. ఆ 29 శాతం తెల్లవాళ్లలో హిస్పానిక్‌లు ఉన్నారా లేరా?

మోటెల్_మావయ్య:
ఉన్నారు. వాళ్లను తీసేస్తే 27 అవుతుంది.

లెక్కల_మాస్టారు:
అయితే 29 తప్పే కదా.

మోటెల్_మావయ్య:
తప్పు కాదండీ. ప్రశ్న వేరు, జవాబు వేరు.

కేస్లాపూర్:
మార్పించండి మేడమ్, రేపే. "ఎవరికి నష్టం" అనే మాటే అన్నిటికీ మూలం. ఇంకో మాట. ఈ లంబీలకు సొంత భాష మిగల్లేదు. 1885లో రాష్ట్రం "క్రొయటన్" అని ఒక పేరిచ్చింది, తర్వాత ఇంకేవో పేర్లు మారాయి. 1956లో అమెరికా కాంగ్రెస్ పేరుకు గుర్తించి, సాయం మాత్రం ఇవ్వం అంది. మొన్న 2025 డిసెంబరులో రక్షణ శాఖ చట్టంలో కలిపేసి పూర్తి గుర్తింపు ఇచ్చారు. వంశవృక్షాలు పరిశీలించే శాఖ ఉండగా దాన్ని పక్కన పెట్టి రాజకీయంగా తెచ్చుకున్న గుర్తింపు అది. పడమటి కొండల్లో ఉన్న చెరోకీలు ఏళ్లుగా అదే మొత్తుకున్నారు. నేను ఫలానా అని చెప్పుకుంటే అయిపోతుందా?

మోటెల్_మావయ్య:
బాబూ, ఇక్కడ జనాభా లెక్క అంటేనే చెప్పుకోవడం. 1950 దాకా ఇంటికొచ్చినవాడు మొహం చూసి రేస్ రాసుకుపోయేవాడు. 1960 నుంచే మనిషి తన గడి తాను టిక్ పెట్టుకోవడం. మన సంగతే చూడండి, 1970 లెక్కలో ఇండియా వాళ్లను తెల్లవాళ్లలో కలిపేశారు. నేను 1979లో వచ్చాను. మరుసటేడు ఫారంలో "ఏషియన్ ఇండియన్" అని మొదటిసారి మన గడి వచ్చింది. అప్పటిదాకా మనం తెల్లవాళ్లమా? అద్దంలో చూసుకుంటే అలా ఏమీ అనిపించలేదు.
లంబీలు భాష పోగొట్టుకున్నారంటే నిజమే. కానీ కొత్తమనిషి కనబడగానే "మీవాళ్లెవరు?" అని అడుగుతారు. మా సిక్కోలులో "మీరెవరి తాలూకు?" అన్నట్టే. మోటెల్లో నా దగ్గర పనిచేసినావిడ పేరు వినగానే ఎవరి మనవరాలో, ఏ చర్చివాళ్లో చెప్పేసేది. ఆ లెక్క ఏ ఆఫీసులోనూ లేదు.

కేస్లాపూర్:
మావయ్య గారూ, చర్చి తెలిస్తే తెగ అయిపోదు. కొంతమంది సంఖ్యాబలం చూపించి, ఓట్లు చూపించి జాబితాలోకి వస్తారు. వచ్చాక ముందునుంచీ ఉన్నవాళ్లకు మిగిలేది ఏమీ ఉండదు.

తండా_బిడ్డ:
ఏందన్నా, నువ్వు మాట్లాడేది లంబీల గురించా, లంబాడీల గురించా?

పులిహోర_పొట్లం:
అయిపోయింది. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

కేస్లాపూర్:
అడిగావు కాబట్టి చెప్తున్నా. రెండిటి గురించీ. మాది ఉట్నూరు పక్కన గోండుగూడెం. 1976 చట్టంతో మీరు తెలంగాణలోనూ ఎస్టీలయ్యారు. మహారాష్ట్రలో మీరు ఎస్టీలు కారు, కర్ణాటకలో ఎస్సీలు. పెన్‌గంగ దాటితే కులం సర్టిఫికెట్ మారిపోతుందా? ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం ఎస్టీ భూమి ఎస్టీకే అమ్మాలి. మీరు జాబితాలోకి వచ్చిన తర్వాత ఆ కంచె మాకు దేనికి పనికొచ్చింది? మా అక్క టీచర్ పోస్టుకు రెండుసార్లు రాసింది. రెండుసార్లూ లిస్టు చూసి ఇంటికొచ్చి మాట్లాడకుండా పడుకుంది. ఇప్పుడు కూలికి పోతోంది.

తండా_బిడ్డ:
మీ అక్క బాధ బాధే, కాదనను. కానీ మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్ల పేరు చెప్పి అందర్నీ కలిపి కొడుతున్నావు. మాది దేవరకొండ వైపు తండా. మా తాత పుట్టింది అక్కడే, పోయింది అక్కడే. 1976కు ముందు కృష్ణకు అవతల ఆంధ్రలో సుగాలీలు (అక్కడ మావాళ్ల పేరు) ఎస్టీలు, ఇవతల మేము కాదు. భాష ఒకటే, పెళ్లిళ్లు ఒకటే, మధ్యలో ఏరు. అప్పుడు మాకు జరిగింది అన్యాయం కాదా? ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్ రోజూ అనేవాడు, "మీరు అసలు ఎస్టీలే కాదురా" అని. సర్టిఫికెట్ కోసం మా అమ్మను ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిప్పారు. అంత తిరిగి తెచ్చుకున్న కాగితాన్ని నువ్వు ఇక్కడ డాలస్‌లో కూర్చుని చించేస్తున్నావు.

కేస్లాపూర్:
నేను డాలస్‌లో ఉన్నానో ఎక్కడ ఉన్నానో నీకెందుకు? 2017 డిసెంబరులో ఉట్నూరులో మనవాళ్ల మధ్య గొడవలైనప్పుడు రెండు రోజులు మా అమ్మ ఫోన్ కలవలేదు. అది తెలుసా నీకు?

తండా_బిడ్డ:
మా మేనత్త కూడా అక్కడే ఉంది, నార్నూరు దారిలో. ఆమె ఫోనూ కలవలేదు.

వేదిక_నిర్వాహకుడు:
కులాల గొడవ ఇక్కడ వద్దు. ఈ చర్చ మూసేయాల్సి వస్తుంది.

కేస్లాపూర్:
కులం కాదు, తెగ. మీరు దీన్ని కులం అనడంలోనే మా సమస్య సగం ఉంది. సరే, ఒక్క మాట రాసి ఆపేస్తా. ఎవరు ఆదివాసీ, ఎవరు కాదు అని నేను కొట్లాడటం లేదు. తండా_బిడ్డ వాళ్ల తాత గిరిజనుడో కాదో నాకేం తెలుసు. 2011 లెక్కల్లో తెలంగాణ ఎస్టీలు దాదాపు 32 లక్షలు. అందులో లంబాడీలు 20 లక్షల పైన. గోండులం 3 లక్షలు. పళ్లెం ఒకటే. మా వాటా మాకు విడిగా తీసిపెడితే మీరెవరైతే నాకేంటి?

తండా_బిడ్డ:
ఈ మాట మొదటే అని ఉంటే నేను సగం ఒప్పుకునేవాణ్ణి. వాటా వేరు చెయ్యమనడం వేరు, జాబితాలోంచి తీసెయ్యమనడం వేరు. మీ నాయకులు అడుగుతున్నది రెండోది.

కేస్లాపూర్:
మొదటిది అడిగితే ఎవరూ వినలేదు కాబట్టి.

మోటెల్_మావయ్య:
ఆ చెరోకీల అసలు భయం కూడా అదే అనిపిస్తుంది నాకు. లంబీలు యాభై వేల పైమాటే. వైద్యం, ఇళ్లు, చదువు, అన్నిటికీ ఢిల్లీ లాగా వాషింగ్టన్ నుంచి వచ్చే డబ్బు ఒకటే.
డాక్టరమ్మా, మీ అంకెలు పాతవి. 2010లో కౌంటీ జనం 1,34,168. 2020లో 1,16,530. మధ్యలో 2016లో మాథ్యూ తుఫాను, 2018లో ఫ్లోరెన్స్. మాథ్యూ వచ్చిన వారం నా మోటెల్ ఎదురు వీధిలో తిరగడం పడవల్లోనే. ఇల్లు పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఎవరు ఎంత శాతం అని కొట్లాడుకునేలోపు ఆ వంద తగ్గిపోతోంది.

లెక్కల_మాస్టారు:
వంద తగ్గదండీ. వంద ఎప్పుడూ వందే. తగ్గింది జనం.

లంబర్టన్_డాక్టర్:
నేను అడిగిందేమిటి, మీరు వెళ్లిందెక్కడికి. ఏమైనా ఇవాళ స్కూల్‌కు వెళ్లొచ్చాను. అదే ఆవిడ. లంబీయేనట. "మేం ఆ ఇండియన్లం కాదు, ఇండియా ఇండియన్లం" అన్నాను. నవ్వి, "మరి మొన్నే ఎందుకు చెప్పలేదు హనీ" అని "ఏషియన్" టిక్ పెట్టింది. పాప పేరు రెండుసార్లు పలికించుకుంది. తర్వాత "మీ జనం ఎవరు" అని అడిగింది. మావయ్య గారు చెప్పిన ప్రశ్నే. తెనాలి దగ్గర మా తాతగారి ఊరి పేరు చెప్పాను. అదేదో తెలిసినట్టే తలూపింది.

కేస్లాపూర్:
మార్పించినందుకు థాంక్స్ మేడమ్.

తండా_బిడ్డ:
అన్నా, మీ అక్కది ఏ సబ్జెక్టు? ప్రైవేట్ మెసేజ్ పెట్టు. మా మేనత్త కొడుకు అక్కడ కోచింగ్ నడుపుతాడు. ఫీజు సంగతి నేను చూస్తా.

కేస్లాపూర్:
కోచింగ్ లేక కాదు పోయింది.

లెక్కల_మాస్టారు:
మా అబ్బాయి చేత ఆ పట్టిక ప్రింటు తీయించాను. 29 సంగతి ఎవరూ తేల్చలేదు.