ఇంట్లో లేత్ మీద కోసిన థ్రెడ్‌కి పిచ్ డయామీటర్ కరెక్టుగా కొలవడం ఎట్ల?

అనంత_షెడ్డు:
అన్నలందరికీ నమస్తే. మాది అనంతపురం, ఇంటి వెనక షెడ్డులో చిన్న లేత్ పెట్టుకోని ట్రాలీలకు, మోటర్లకు కావాల్సిన స్టడ్లు, పిన్నులు చేస్తుంటా. ఎక్కువగా ఎం16 (బయటి సైజు 16 మిల్లీలు), పిచ్ 2, అంటే పక్కపక్క గాళ్ల మధ్య దూరం 2 మిల్లీలు. ఇప్పటిదాకా నట్టు ఎక్కిందా లేదా అని చూసుకోవడమే, కానీ అంగడి నట్టుల్లోనే శానా తేడా ఉంది, ఒకటి వదులుగా ఊగుతాది ఇంకోటి నాలుగు చుట్లు తిరిగి సగంలో పట్టేస్తాది, అట్లాంటప్పుడు తప్పు నట్టుదా నా మరదా ఎట్ల తెలిసేది? థ్రెడ్ మైక్రోమీటర్ కొంటే పిచ్‌ను బట్టి యాన్విల్ (కొలిచే మొన) జతలు వేరేవేరే కావాలంట, అంత పెట్టలేను. మామూలు 0-25 మైక్రోమీటర్ ఉంది, లీస్ట్ కౌంట్ 0.01. దీంతోనే పిచ్ డయామీటర్ (పన్ను లావూ గాడి వెడల్పూ సమానంగా ఉండే చోట థ్రెడ్ వ్యాసం) కొలిచే దారి చెప్పండి.

టూల్‌రూమ్_కడప:
మూడు వైర్ల పద్ధతి పట్టుకో తమ్ముడూ, దాన్ని మించింది లేదు. ఒకే సైజు సన్న కడ్డీలు మూడు, ఒక పక్క గాడిలో ఒకటి, ఎదురు పక్క పక్కపక్క గాళ్లలో రెండు, వాటి మీద మైక్రోమీటర్ పెట్టి రీడింగ్ తీసుకోవాలి. రోంత గ్రీసు పూస్తే కడ్డీలు జారకుండా నిలబడతాయి. 60 డిగ్రీల థ్రెడ్‌కి బెస్ట్ వైర్ అంటే పిచ్ × 0.577, నీకు 1.155 వస్తది. ఆ సైజు కడ్డీ సరిగ్గా పిచ్ లైన్ దగ్గరే తగులుతుంది కాబట్టి టూల్ యాంగిల్ కొంచెం అటూ ఇటూ అయినా రీడింగ్ చెడదు. అంత కచ్చితంగా దొరక్కపోతే ఒకే ప్యాకెట్లో 1.2 డ్రిల్ బిట్లు మూడు తీసుకోని వాటి షాంకులు (గాడి లేని కాడలు) వాడు, కానీ పైన రాసిన సైజు నమ్మొద్దు, షాంకు కొలిచి చూడు, తగ్గే ఉంటది.

లెక్క: పిచ్ డయామీటర్ = వైర్ల మీద రీడింగ్ − 3 × వైర్ సైజు + 0.866 × పిచ్. షాంకు 1.19 ఉందనుకో, ఎం16 బోల్టుకు 6జి ఫిట్‌లో (మామూలు బోల్టులకు వాడే టాలరెన్స్ తరగతి) పిచ్ డయామీటర్ 14.503 నుంచి 14.663 దాకా ఉండాలి, అంటే వైర్ల మీద నీకు 16.34 నుంచి 16.50 లోపల రావాలి. థ్రెడ్ ఏటవాలుగా తిరుగుతుంది కాబట్టి హెలిక్స్ కరెక్షన్ అని ఇంకోటి ఉంది, ఈ సైజుకు ఒకటి రెండు మైక్రాన్లే, వదిలెయ్.

కర్నూలు_ఫిట్టర్:
పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ అందులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది, శానామంది పట్టించుకోరు. లెక్కలో వైర్ సైజును 3తో గుణిస్తాం కదా, కాబట్టి వైర్ కొలిచేటప్పుడు 0.01 తేడా పోతే జవాబులో 0.03 పోతాది, మొత్తం టాలరెన్సే 0.16. మైక్రోమీటర్ జీరో ఎర్రర్ ఉంటే, రీడింగ్‌లోనూ వైర్ కొలతలోనూ ఉంది కదా కొట్టుకుపోతుందిలే అనుకుంటారు, కొట్టుకుపోదు, రీడింగ్‌లో ఒకసారి కలుస్తాది వైర్లలో మూడుసార్లు తీసేస్తాం, కడాకు రెండింతలు తిరగబడి వస్తాది. అందుకే దవడలు శుభ్రంగా తుడిచి జీరో చూసుకోకుండా మొదలుపెట్టొద్దు, రాట్చెట్ (చివర ఉండే, ఒత్తిడి సరిపోగానే జారే పిడి) తప్ప చేత్తో బిగించొద్దు.

దీనికంటే మేలైన దారి, తెలిసిన టూల్‌రూములో ఎం16 గో ప్లగ్ గేజ్ (నట్టు థ్రెడ్ సరిచూసే, కచ్చితమైన సైజు థ్రెడ్ ముక్క) ఉంటే కాసేపు అడుక్కో, దాని పిచ్ డయామీటర్ సర్టిఫికెట్‌లో ఉంటాది. అవే వైర్లు, అదే మైక్రోమీటర్, ముందు గేజ్ మీద, తర్వాత నీ స్టడ్ మీద. రెండు రీడింగ్‌ల తేడానే నీకు కావాల్సింది, సర్టిఫికెట్ అంకెకు అంత ఎక్కువో తక్కువో నీ స్టడ్ ఉన్నట్టు. వైర్ సైజు గొడవే ఉండదు, జీరో ఎర్రర్ గొడవా ఉండదు.

ఇంకోటి, మన ఎండల్లో ఇనుము 20 డిగ్రీల దగ్గర ఉండదు గానీ స్టడ్డూ మైక్రోమీటరూ ఒకే వేడి మీద ఉంటే ఫర్వాలేదు. అప్పుడే లేత్ మీద నుంచి తీసింది చేతికి కాలుతుంటే ఆరేదాకా ఆగు, 30 డిగ్రీల తేడాకు 16 మిల్లీల మీద అయిదు మైక్రాన్లకు పైనే పెరుగుతాది.

తాడిపత్రి_టర్నర్:
నువ్వు ‘నాలుగు చుట్లు తిరిగి పట్టేస్తాది’ అన్నావు చూడు, అది పిచ్ డయామీటర్ ఒక్కదాని సంగతి కాకపోవచ్చు. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే పిచ్ డయామీటర్ ఎక్కువ ఉందనో, పైన కొన లావుగా ఉందనో అర్థం. ఎం16కి ముందే 15.85 దాకా టర్న్ చేసుకో. ఫ్రీగా ఎక్కి పోను పోను బిగుసుకుంటే లీడ్ ఎర్రర్‌ను (ఒక చుట్టుకు థ్రెడ్ ముందుకు జరిగే దూరంలో తేడా) అనుమానించు, లీడ్‌స్క్రూ (థ్రెడ్ కోసేటప్పుడు టూల్‌ను నడిపే పొడవు మర) చక్ దగ్గర అరిగిన లేతుల్లో ఇది మామూలే. లీడ్ తేడా ఎంతుంటే దానికి 1.73 రెట్లు పిచ్ డయామీటర్ పెరిగినట్టు నట్టుకు అనిపిస్తాది, నట్టు పొడవులో 0.03 తేడా ఉంటే 0.05 పైమాటే. వైర్లు మాత్రం ఇది పట్టుకోవు, వైర్ల మీద ఓకే వచ్చినా నట్టు ఎక్కదు. ఒకే చోట కాకుండా రెండు కొనల్లోనూ మధ్యలోనూ కొలువు, పొడవు స్టడ్ వంగి మధ్యలో లావు ఉండిపోతాది.

అనంత_షెడ్డు:
శానా థ్యాంక్స్ అన్నలూ, లీడ్ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ఇదే లెక్క పైపు థ్రెడ్‌కి పనికొస్తాదా? బోరు పైపులకు నిపుల్స్ (రెండు కొనల్లో థ్రెడ్ ఉండే చిన్న పైపు ముక్కలు) అడుగుతున్నారు.

టూల్‌రూమ్_కడప:
అది 55 డిగ్రీలు తమ్ముడూ, నంబర్లు మారతాయి. బెస్ట్ వైర్ పిచ్ × 0.5637, లెక్కలో 3 బదులు 3.1657, 0.866 బదులు 0.9605. అర ఇంచి పైపుకు 14 టీపీఐ (ఇంచికి 14 థ్రెడ్లు), పిచ్ 1.814, వైర్ 1.02. కానీ ఇది ప్యారలల్ థ్రెడ్‌కే. జీఐ పైపు మీద ఉండేది టేపర్, 16లో 1, పిచ్ డయామీటర్ ప్రతి చుట్టుకీ మారుతుంటాది, దానికి వైర్లు పక్కన పెట్టి రింగ్ గేజ్ ఎంత లోపలికి ఎక్కిందో చూసుకో.