సెగ్మెంట్లు పెంచితే కరెంటుకు పిచ్చెక్కుతోంది, కాస్త చూడండి

ఎంటెక్_ఏడుపు: హ్యామ్ రేడియో 20 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ (మధ్యలో సిగ్నల్ ఇచ్చే రెండు చేతుల యాంటెన్నా). 25 మి.మీ. అల్యూమినియం గొట్టం, పొడవు 10.1 మీటర్లు. నెక్-2లో (యాంటెన్నాని లెక్కగట్టే ప్రోగ్రాం) 21 సెగ్మెంట్లతో, అంటే గొట్టాన్ని 21 ముక్కలుగా లెక్కేస్తే, నమ్మదగ్గ జవాబే వచ్చింది. మా గైడు గారు కన్వర్జెన్స్, అంటే ముక్కలు పెంచినా జవాబు మారదని, చూపించమన్నారు. 1001 పెట్టాను. కొసల దగ్గరా ఫీడ్ (సిగ్నల్ ఇచ్చే చోటు) దగ్గరా కరెంటు రంపం పళ్లలా ఎగిరి పడుతోంది. తీగలో కరెంటు కనుక్కునే పాక్లింగ్టన్ సమీకరణానికి నేను పైథాన్‌లో రాసుకున్న కోడ్‌లోనూ అదే తంతు. అదే పని చేసే హాలెన్ సమీకరణానికి మారితే పోతుందా? శుక్రవారం రివ్యూ.

మిద్దెమీద_వైరు: నీది స్క్రీన్ మీద గోల తమ్ముడూ, నాది నెత్తి మీద. నెక్‌ని నమ్మి 14.150 మెగాహెర్ట్‌జ్‌కి డైపోల్ వైరు కోశా. కట్టి చూస్తే డిప్ (యాంటెన్నా బాగా పలికే చోటు) 13.8 దగ్గర! ఎండలో మూడుసార్లు మిద్దె ఎక్కి దిగా. బట్టలైనా ఆరేసుకుందామంటోంది మా ఆవిడ.

పాత_ఫోర్ట్రాన్: ఏం వైరండీ?

మిద్దెమీద_వైరు: ఇంటి వైరింగ్‌లో మిగిలింది. రెండున్నర స్క్వేర్.

పాత_ఫోర్ట్రాన్: ఇంకేం, పీవీసీ తొడుగుతోనే కట్టేశారు. మీరు చెప్పకపోతే నెక్-2కి తీగంటే తొడుగు లేని ఒట్టి లోహమే. తొడుగుంటే తీగ వెంట తరంగం కాస్త నెమ్మదిస్తుంది, రెజొనెన్స్, అదే మీ డిప్, రెండు మూడు శాతం దిగుతుంది. మీకు దిగింది రెండున్నర. ప్రోగ్రాంని తిట్టకండి.

గుంటూరు_మోర్స్: తొడుగూ లేదు, తొక్కా లేదు. స్లాబులో ఇనుము, పక్కన రేకుల షెడ్డు, అదీ సంగతి. 143ని మెగాహెర్ట్‌జ్‌తో భాగించు, ఓ జానెడు ఎక్కువ కోసుకో, కత్తిరించుకుంటూ రా. ముప్పై ఏళ్లుగా నాకు కంప్యూటరు అవసరం పడలేదు.

పాత_ఫోర్ట్రాన్: అవసరం పడలేదు కాబట్టే తొడుగు సంగతి తెలీలేదు.

గుంటూరు_మోర్స్: మాట జాగ్రత్త సార్. నేను వైరు కట్టే రోజులకి మీ ప్రోగ్రాం పంచ్‌కార్డుల్లో ఉంది.

పాత_ఫోర్ట్రాన్: కార్డుల్లో ఉన్నప్పుడే వాడాను. 1981 లివర్‌మోర్ ల్యాబ్ వాళ్ల నెక్ మాన్యువల్, బర్క్, పోజియోలది, బైండు చేయించి దాచుకున్నా. ఒక్క అంగుళం ఒలిచి చూడమనండి ఆయన్ని, ఏ వైరో తెలుస్తుంది.

కెర్నల్_కామేశం: మీరు కొట్టుకోండి, పిల్లాడి సంగతి చూద్దాం. బాబూ, 1001 అంటే ముక్క ఒక సెంటీమీటరు. నీ గొట్టం వ్యాసార్ధమే 1.25. సన్నతీగ కెర్నల్ (సమీకరణంలో కరెంటుని ఫీల్డ్‌తో ముడిపెట్టే సూత్రం) కరెంటంతా గొట్టం నడిమి గీత మీదే ఉందనుకుని, ఫీల్డ్‌ని మాత్రం పైపొర మీద సరిచూస్తుంది. ముక్క గొట్టం కంటే పొట్టిదైతే ఆ అబద్ధం బయటపడుతుంది. వ్యాసార్ధానికి 8 రెట్లు ఉండాలి, అంటే 101 సెగ్మెంట్లు చాలు. ఈకే కార్డు (ఇంకాస్త మెరుగైన కెర్నల్ వాడమని నెక్‌కి చెప్పే లైను) పెడితే 2 రెట్లదాకా దిగొచ్చు, 401. హాలెన్‌లోనూ ఇదే కెర్నల్ పెడితే అదే రంపం.

ఎంటెక్_ఏడుపు: మరి గొట్టం చుట్టూ ఇంటిగ్రేట్ చేసే అసలు కెర్నల్ రాస్తే?

కెర్నల్_కామేశం: రంపం పోతుంది. కానీ డెల్టా గ్యాప్ సోర్సుతో (సున్నా వెడల్పు సందులో వోల్టేజి ఇచ్చినట్టు అనుకోవడం) ఫీడ్ దగ్గర ససెప్టెన్స్ (అడ్మిటెన్స్‌లో ఊహాభాగం) ముక్కలు పెంచినకొద్దీ స్థిరపడదు, మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. దాన్ని ఇప్పుడే గైడుకి చెప్పకు.

సోల్డర్_సుబ్బు: నెక్-2 తర్వాతి వెర్షన్ నెక్-4 ఎవరిదగ్గరన్నా ఉందా? భూమిలో పాతిన రేడియల్స్ (యాంటెన్నా కింద చుట్టూ పరిచే గ్రౌండ్ వైర్లు) చూడాలి, నెక్-2కి రావట.

పాత_ఫోర్ట్రాన్: లైసెన్సు కొనుక్కోండి.

గుంటూరు_మోర్స్: లేదా రెండు రేడియల్స్ పాతి చూడండి. పార కొనుక్కోండి, చవక.

మిద్దెమీద_వైరు: ఒలవలేదు. రెండు కొసల్నీ పన్నెండేసి సెంటీమీటర్లు వెనక్కి మడిచి కట్టా. 14.13. ఎవరు గెలిచారో మీరే తేల్చుకోండి.

ఎంటెక్_ఏడుపు: 101తో రంపం పోయింది, థాంక్స్ గురువుగారూ. ఇప్పుడు గైడు గారు 1001 ఎందుకు చూపించలేదంటున్నారు.