జనరల్ అనస్థీషియా అంటే భయం: స్పృహ తప్పే ఆ క్షణాన్ని దాటడం ఎలా?

వానచినుకు (ప్రశ్న):

ఇంకో పదకొండు రోజుల్లో నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఉంది. పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి, కెమెరా సాయంతో లాప్రోస్కోపీ పద్ధతిలో చేస్తామని సర్జన్ గారు చెప్పారు. కత్తి అన్నా, కుట్లు అన్నా, తర్వాత వచ్చే నొప్పి అన్నా నాకు పెద్దగా బెదురు లేదు. రెండు కాన్పులు చూసినదాన్ని. నా భయమంతా మత్తు మందు గురించే, అందులోనూ అంతవరకూ మాట్లాడుతూ ఉన్న నేను ఉన్నట్టుండి లేకుండా పోయే ఆ ఒక్క క్షణం గురించే. ఈ మధ్య రాత్రిళ్లు నిద్ర ఏ క్షణంలో పడుతుందో కనిపెడదామని కాపు కాస్తున్నాను. కాపు కాసినంతసేపూ అది రాదు, తెల్లవారుజామున ఎప్పుడో నా కళ్లుగప్పి వచ్చేస్తుంది.

నిరుడు ఇదే ఆపరేషన్‌కు తేదీ ఖరారైతే, ముందు రోజు సాయంత్రం జ్వరమని అబద్ధం చెప్పి రద్దు చేయించుకున్నాను. ఆ సంగతి మా వారికి కూడా తెలియదు. ఈలోగా నొప్పి మూడుసార్లు తిరగబెట్టింది. మధ్యలో మెలకువ వచ్చి, కదలలేక, చెప్పలేక పడి ఉంటే? అసలు మెలకువే రాకపోతే? ఇంట్లో అడిగితే ‘ఏమీ కాదు, ధైర్యంగా ఉండు’ అంటారు. ఏమీ కాదని నాకూ తెలుసు. తెలిసినా పోని భయాన్ని ఏం చేయాలన్నదే నా ప్రశ్న. డాక్టరుకు చెబుదామంటే, ఇంత వయసు వచ్చి ఇదేం పిరికితనం అనుకుంటారేమోనని మొహమాటం.

పాతకాపు:

వానచినుకు గారూ, ఆ మొహమాటానికి నేను చెల్లించిన మూల్యం వినండి. మొదటి ఆపరేషన్ అప్పుడు నేనూ ఎవరికీ చెప్పకుండా బింకంగా థియేటర్‌లోకి వెళ్లాను. బల్ల మీద పడుకోబెట్టి ముఖం మీద మాస్కు పెట్టగానే ఊపిరి ఆపేస్తున్నారనిపించి, రెండు చేతులతో దాన్ని లాగి పారేశాను. ఆ ఊపుకు చేతికి పెట్టిన సూది కూడా ఊడి వచ్చింది. నన్ను ఎవరూ కసరలేదు కానీ, నిలబడి నచ్చజెప్పే తీరిక కూడా అప్పటికి ఎవరికీ లేకపోయింది. రెండో చేతికి సూది పెట్టి, నన్ను గట్టిగా పట్టుకుని పని కానిచ్చారు. ఆ మాస్కులో ఉన్నది మత్తు కాదని, ఉత్త ఆక్సిజన్ అని నాకు తర్వాత తెలిసింది.

రెండోసారి మత్తు డాక్టరు గారు ముందు రోజు చూడటానికి వచ్చినప్పుడే జరిగినదంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు సరికదా, ‘అయితే రేపు మాస్కు మీరే పట్టుకోండి’ అన్నారు. మర్నాడు అన్నట్టుగానే నా చేతికే ఇచ్చారు. కాసేపు ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, ఆ ప్లాస్టిక్ వాసనకు అలవాటుపడ్డాక నేనే దగ్గరికి తెచ్చుకున్నాను. చేతి నరంలో ముందు చల్లగా, ఆ తర్వాత కొంచెం మంటగా ఏదో పాకింది. పైనున్న పెద్ద దీపంలోని బల్బులు లెక్కపెడుతున్నాను. ఐదో ఆరో అయినట్టు గుర్తు. మరుక్షణం ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు, గొంతు గరగరలాడుతోంది. ‘ఇంకా మొదలుపెట్టలేదా?’ అని అడిగాను. అప్పటికి అంతా అయిపోయి గంట దాటిందట. మీరు కాపు కాస్తున్న ఆ క్షణం నాకైతే ఎక్కడా తగల్లేదు.

మత్తు డాక్టరు:

నేను మత్తు వైద్యురాలిని. మీ రిపోర్టులు చూడలేదు కాబట్టి మీ శరీరం గురించి ఏమీ చెప్పలేను. మా పని తీరు గురించి చెబుతాను.

‘మెలకువ రాకపోతే’ అనే భయం వెనక ఒక అపోహ ఉంటుంది. ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చేస్తారని, అది ఎప్పుడు దిగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదట సూది ద్వారా ఎక్కించే ప్రొపోఫాల్, అంటే చూడటానికి పాలలా తెల్లగా ఉండే మందు, అర నిమిషం నుంచి ఒక నిమిషంలో స్పృహ తప్పిస్తుంది. ఆ ఒక్క మోతాదుతోనే వదిలేస్తే కొద్ది నిమిషాల్లో మనిషి లేచి కూర్చుంటారు. అందుకే ఆపరేషన్ సాగినంతసేపూ ఊపిరితోపాటు మత్తు వాయువునో, నరం ద్వారా మందునో ఆగకుండా అందిస్తూనే ఉంటాం. మీరు వదిలే గాలిలో ఆ వాయువు ఎంత శాతం ఉందో తెర మీద కనిపిస్తుంది. నూనె పోసినంతసేపే దీపం వెలిగినట్టు, మేము ఇస్తున్నంతసేపే ఆ మత్తు. ఆరోగ్యంగా ఉన్నవారికి, అత్యవసరం కాని ఆపరేషన్‌లో, కేవలం మత్తు వల్ల ప్రాణం పోవడం సుమారు లక్షలో ఒకటిగా చెబుతారు.

మధ్యలో మెలకువ గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పడమే మర్యాద. బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిపిన ఎన్ఏపీ5 అనే పెద్ద పరిశీలన ఫలితాలు 2014లో వచ్చాయి. మెలకువ వచ్చిందని రోగులు తమంతట తాము చెప్పిన సందర్భాలు మొత్తం మీద సుమారు 19,000 మందిలో ఒకటి. కండరాలను సడలించే మందు వాడినప్పుడు అది సుమారు 8,000లో ఒకటి. వాడనప్పుడు సుమారు 1,36,000లో ఒకటి. మీ ఆపరేషన్‌లో ఆ మందు వాడటం మామూలే కాబట్టి మీకు వర్తించేది 8,000 లెక్కే. అలా జరిగినవాటిలోనూ ఎక్కువ భాగం కోత జరుగుతుండగా కాక, మత్తులోకి వెళ్లేటప్పుడో బయటికి వచ్చేటప్పుడో, ఐదు నిమిషాల లోపు జరిగినవి. ఈ భయం ఉందని మీరు చెబితే, సడలింపు మందు ప్రభావాన్ని కొలిచే పరికరం, మెదడు తరంగాలను చూసే మానిటర్ వాడతారా అని అడగడం తేలికవుతుంది.

చాలామందికి తెలియని ముచ్చట ఒకటి చెబుతాను. మీ వేలికి క్లిప్పులా పెట్టే పల్స్ ఆక్సీమీటర్ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక చిన్న శబ్దం చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ శబ్దం శ్రుతి కిందికి జారుతుంది. మేము వెనక్కి తిరిగి సిరంజి నింపుకుంటున్నా సరే, ఆ శ్రుతి ఒక్క మెట్టు దిగిందంటే తల దానంతటదే తిరుగుతుంది. ఇన్నేళ్ల అలవాటు వల్ల ఇంట్లో మైక్రోవేవ్ మోగినా ఉలిక్కిపడతాను, అది వేరే సంగతి.

చెప్పాల్సినవి మాత్రం దాచకండి: ఊగే పళ్లు, గురక, గుండెల్లో మంట, పొగ అలవాటు, రోజూ వేసుకునే మందులు, ఇంట్లో ఎవరికైనా మత్తు పడక ఇబ్బంది అయిందన్న కబురు. కండరాలను సడలించే మందుల్లో ఒక రకం, కొందరిలో వంశపారంపర్య కారణాల వల్ల గంటల తరబడి దిగదు. ముందే తెలిస్తే వేరే మందు వాడతాం.

వానచినుకు:

మేడమ్, ఇంత విడమర్చి చెప్పినందుకు కృతజ్ఞతలు. 8,000 అన్న అంకె చూసి మొదట గుండె ఝల్లుమంది కానీ, నన్ను ఊరడించడానికి చిన్న అంకె చెప్పలేదన్న నమ్మకం దాని నుంచే కలిగింది. ఇంకో రెండు సందేహాలు. మత్తులో మనసులో ఉన్నవన్నీ వాగేస్తారంటారు, నిజమేనా? ముందు రాత్రి మా అత్తయ్య గారి నిద్రమాత్ర ఒకటి వేసుకోవచ్చా?

మత్తు డాక్టరు:

పూర్తి మత్తులో ఉన్నప్పుడు ఎవరూ మాట్లాడరు. శ్వాస కోసం గొట్టం వేసి ఉంటే గొంతు పలకదు కూడా. మెలకువ వచ్చేటప్పుడు కొందరు రెండు ముక్కలు తడబడుతూ అంటారు, కొందరు కారణం లేకుండా ఏడుస్తారు. ఆ సమయంలో మా ధ్యాసంతా మీ శ్వాస మీద ఉంటుంది కానీ మాటల మీద కాదు.

అత్తయ్య గారి మాత్ర మాత్రం వద్దు. మీ మత్తు డాక్టరును అడగండి; అవసరమనుకుంటే ముందు రాత్రికి మాత్రో, థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు ఆందోళన తగ్గించే మిడజోలం ఇంజెక్షనో వారే ఇస్తారు. మిడజోలం ఇచ్చాక చాలామందికి థియేటర్‌లోకి వెళ్లిన సంగతే గుర్తుండదు. తెలియకుండా మీరొకటి వేసుకుంటే రెండూ కలిసి శ్వాసను నెమ్మది చేయవచ్చు. పరగడుపు విషయంలోనూ అంతే. సాధారణంగా గట్టి ఆహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. మీ ఆసుపత్రి వాళ్లు చెప్పిన వేళనే పాటించండి. భయంతో ఏదో ఒకటి నోట్లో వేసుకుని చెప్పకుండా ఊరుకుంటే, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

గట్టుమీద:

నాది కాస్త వేరే అనుభవం. అందరూ వివరాలు తెలుసుకుంటే భయం పోతుందంటారు. నాకు తెలుసుకున్నకొద్దీ పెరిగింది. గొట్టం ఎలా వేస్తారో వీడియో చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి డాక్టరు గారితో ‘నాకేమీ వివరించకండి, ఏం చేస్తున్నారో మాత్రం చేసే ముందు ఒక్క మాటలో చెప్పండి’ అన్నాను. ‘చెయ్యి చల్లగా ఉంటుంది’, ‘ఇప్పుడు మాస్కు’, అంతే, అలాగే చెప్పారు. ఆ వారం రోజులూ ఊపిరి పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండేలా, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం సాధన చేశాను. థియేటర్‌లో చేయడానికి నాకంటూ ఒక పని దొరికింది. మీరు ఏ రకమో మీరే చూసుకోండి. వీడియోల జోలికి మాత్రం వెళ్లకండి.

వానచినుకు:

అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి మా వారికి నిరుటి జ్వరం అబద్ధం చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత మత్తు డాక్టరు దగ్గరికి తనూ వస్తానన్నారు. అపాయింట్‌మెంట్ గురువారం. నోరు పెగలకపోతే చూపించడానికి ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పర్సులో పెట్టుకున్నాను. మొదటిది, మాస్కు నేనే పట్టుకుంటానని.